రాత్రిలో మూడో వంతు: హజ్రత్ అబూ హురైరా (రజి)

హదీసు గ్రంథం ఏది తెరిచినా మనకు మాటిమాటికీ ఎదురయ్యే పేరు హజ్రత్ అబూ హురైరా (రజి). జుమా ప్రసంగంలో ఇమామ్ సాబ్ నోట, మదర్సా పిల్లల పాఠాల్లో, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మంచి మాటల్లో ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. ఆయన ద్వారా మనకు చేరిన ఉల్లేఖనాలు 5374 అని హదీసువేత్తలు లెక్కకట్టారు. ప్రవక్త సహచరుల్లో మరెవరి ద్వారానూ ఇన్ని రాలేదు. అయితే ఆయన దైవప్రవక్త (స) జీవితకాలంలో మదీనా చేరాక గడిచినవి నాలుగేళ్ళే. మధ్యలో బహ్రెయిన్ వెళ్ళివచ్చిన కాలాన్ని తీసేస్తే, ఆయన (స) సన్నిధిలో గడిపింది సుమారు మూడేళ్ళు మాత్రమే.

మూడేళ్ళలో చూసినదాన్ని, విన్నదాన్ని ఆ తర్వాత దాదాపు నలభై ఏడేళ్ళ పాటు ఒక వ్యక్తి ఎలా పదిలంగా నిలుపుకోగలిగారు? ఈ ప్రశ్న ఈనాటి విమర్శకులు కొత్తగా కనిపెట్టింది కాదు. ఆయన బతికి ఉండగానే మదీనాలో కొందరు అడిగారు. ఆయన కూడా దాన్ని దాటవేయలేదు. మన నమాజులో, ఉపవాసంలో, జనాజాలో, ఇరుగుపొరుగు వ్యవహారాల్లో ఎన్నో సంగతులు ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి మనదాకా వచ్చాయి. కాబట్టి ఈ ప్రశ్నను పక్కన పెట్టకుండా ఆయన జీవితాన్ని ఒకసారి చూద్దాం.

ఆయనది యమన్ ప్రాంతం, దౌస్ తెగ. అజ్ఞానకాలంలో ఆయన పేరు అబ్దుష్షమ్స్ అనీ, ఇస్లాం స్వీకరించాక అబ్దుర్రహ్మాన్ అయిందనీ ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. మేకలు కాసే రోజుల్లో ఒక చిన్న పిల్లికూన ఆయన వెంట ఉండేది. దానితో ఆడుకోవడం చూసి ఇంటివాళ్ళు పెట్టిన ముద్దుపేరే అబూ హురైరా. అసలు పేరు విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు గానీ ఈ పిల్లికూన పేరు మాత్రం ప్రళయదినం దాకా నిలిచిపోయింది!

చిన్నప్పుడే తండ్రి లేనివారయ్యారు. పేదరికంలో పెరిగారు. బుస్రా బిన్తె గజ్వాన్ అనే స్త్రీ ఇంట్లో కడుపుకూటి కోసం కూలిపని చేసేవారు. వాళ్ళు ప్రయాణమైతే ఒంటెల వెంట నడిచేవారు, దిగితే సేవ చేసేవారు. తర్వాతి కాలంలో అల్లాహ్ అనుగ్రహం వల్ల అదే బుస్రా ఆయన ధర్మపత్ని అయ్యారు. దౌస్ తెగ నాయకుడు తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) మక్కాలో ఇస్లాం స్వీకరించి తన తెగకు తిరిగివెళ్ళి సందేశం అందించారు. ఆ పిలుపు అందుకున్నవారిలో అబూ హురైరా (రజి) ఒకరు.

హిజ్రీ 7వ సంవత్సరం (క్రీ.శ. 628)లో ఆయన మదీనా చేరేసరికి దైవప్రవక్త (స) ఖైబర్‌లో ఉన్నారు. మదీనాలో ఫజ్ర్ నమాజు చేసి, ఆయన కూడా ఖైబర్ దారి పట్టారు. యమన్ నుంచి వచ్చేటప్పుడు దారిలో ఆయన బానిస తప్పిపోయాడు. తీరా దైవప్రవక్త (స) సమక్షంలో కూర్చుని ఉండగా అతను తిరిగివచ్చాడు. అప్పటికప్పుడే అల్లాహ్ ప్రసన్నత కోసం అతణ్ణి విడుదల చేశారు. చేతిలో ఉన్న ఒక్క ఆస్తీ అలా పోయింది. ఇక మిగిలింది కట్టుబట్టలు, తల్లి, నేర్చుకోవాలన్న తపన.

మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు ఆయన నివాసమయింది. అక్కడి ఆకలి సంగతి ఆయనే తర్వాత శిష్యులకు చెప్పేవారు. ఆకలి బాధకు కడుపుకు రాయి కట్టుకునేవారు. ఒక్కోసారి మింబర్‌కూ, హజ్రత్ ఆయిషా (రజి) గదికీ మధ్య స్పృహ తప్పి పడిపోయేవారు. వచ్చేపోయేవాళ్ళు మూర్ఛ అనుకునేవారట, నిజానికి అది ఆకలి. తనకు తెలిసిన ఆయత్ గురించే ఎవరినైనా అడుగుతూ వెంట నడిచేవారు, మాటల మధ్య ఇంటికి తీసుకెళ్ళి ఇంత పెడతారేమోనన్న ఆశతో. హజ్రత్ జాఫర్ (రజి) ఇంటికి తీసుకెళ్ళి ఉన్నదంతా ముందు పెట్టేవారని కృతజ్ఞతతో తలచుకునేవారు.

ఇక్కడ ఒక చిన్న సంఘటన గమనించండి. ఒకరోజు దైవప్రవక్త (స) సహచరులకు ఖర్జూరాలు పంచారు. అబూ హురైరా (రజి) వంతుకు ఏడు వచ్చాయి. అందులో ఒకటి ఎండి గట్టిపడిన నాసిరకం పండు. ఆ ఒక్కటే తనకు అన్నిటికంటే ఇష్టమయిందట, నమలడానికి ఎక్కువసేపు పట్టింది కనుక! ఈ సంగతి ఆయన ఎన్నో ఏళ్ళ తర్వాత తన ఇంటికి అతిథిగా వచ్చిన అబూ ఉస్మాన్ నహ్దీ (రహ్మ)కు చెప్పారు. ఎన్ని పండ్లు, ఎలాంటివి, నోట్లో ఎంతసేపు ఉంది అన్నవి కూడా చెరిగిపోలేదు. ఆకలిగొన్నవాడి మనసు మీద పడిన ముద్ర అది.

ఆయన తల్లి చాలాకాలం ఇస్లాం స్వీకరించలేదు. ఒకరోజు ఆమె దైవప్రవక్త (స) గురించి అనరాని మాట అనడంతో ఆయన ఏడుస్తూ వెళ్ళి, తల్లి కోసం దుఆ చేయమని వేడుకున్నారు. దుఆ అయ్యాక ఇంటికి వస్తే తలుపు మూసి ఉంది, లోపల నీళ్ళ చప్పుడు. ఆమె స్నానం ముగించి, తలుపు తీసి కలిమా చదివారు. ఈసారి ఆయన సంతోషంతో ఏడుస్తూ మస్జిద్‌కు పరుగెత్తారు.

మళ్ళీ మన ప్రశ్నకు వద్దాం. ఇన్ని హదీసులు ఎక్కడివని జనం అనుకుంటున్నప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం సూటిగా ఉండేది. ముహాజిర్ సోదరులు బజారులో వ్యాపారాల్లో ఉండేవారు. అన్సార్ సోదరులు తోటల పనుల్లో ఉండేవారు. తానొక పేదవాడు. కడుపు నిండితే చాలనుకుని దైవప్రవక్త (స)ను అంటిపెట్టుకుని ఉండేవారు. వాళ్ళు లేనప్పుడు తాను ఉన్నారు, వాళ్ళు మరచినప్పుడు తాను గుర్తుపెట్టుకున్నారు. లెక్క కూడా అంత అసాధ్యమైనదేమీ కాదు. 5374లో ఒకే హదీసు వేర్వేరు పరంపరల్లో వచ్చినవి ఎన్నో ఉన్నాయి. వాటిని తీసేస్తే సంఖ్య బాగా తగ్గిపోతుంది. తీసేయకుండా మూడేళ్ళకు పంచినా రోజుకు ఐదు పైచిలుకు మాత్రమే.

అయినా ఆయనకూ మరపు బాధ ఉండేది. తాను చాలా వింటున్నాననీ, కానీ మరచిపోతున్నాననీ దైవప్రవక్త (స)తో మొరపెట్టుకున్నారు. ఆయన (స) దుప్పటి పరచమన్నారు. చేతులతో దోసిలి పోసినట్టు చేసి, దాన్ని గుండెకు హత్తుకోమన్నారు. ఆ తర్వాత తాను ఏదీ మరచిపోలేదని అబూ హురైరా (రజి) చెప్పేవారు. ఇది సహీహ్ బుఖారీలో నమోదైన విషయం, మన విశ్వాసంలో భాగం.

మనలో చాలామంది ఈ దుప్పటి సంగతి దగ్గరే ఆగిపోతాం. మా దృష్టిలో అసలు గమనించవలసింది ఆ తర్వాత ఆయన ఏం చేశారన్నదే. అంతటి దుఆ లభించిన వ్యక్తి ఇక నిశ్చింతగా నిద్రపోయి ఉండవచ్చు. కానీ ఆయన తన రాత్రిని మూడు భాగాలు చేసుకున్నారు. ఒక భాగం నిద్ర, ఒక భాగం నమాజు, మూడో భాగం దైవప్రవక్త (స) హదీసులను నెమరువేసుకోవడం! ఇమామ్ దారిమీ (రహ్మ) గ్రంథంలో ఈ విషయం ఉంది. ఆయన ఇంట్లో భార్య, సేవకుడు కూడా రాత్రిని వంతులు వేసుకునేవారు. ఒకరు నమాజు ముగించి మరొకరిని లేపేవారు. ఏడు రోజులు అతిథిగా ఉన్న అబూ ఉస్మాన్ (రహ్మ) ఇది కళ్ళారా చూశారు. ఆ ఇల్లు రాత్రంతా మేలుకునే ఉండేదన్నమాట.

ఆయన రాసుకునేవారు కాదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) రాసుకునేవారు, తాను రాయలేదు అని ఆయనే చెప్పారు. కాగితం లేని చోట ఈ మూడో వంతు రాత్రే ఆయన కాగితం.

మన ధర్మానికి ప్రయోగశాలల సర్టిఫికెట్ అవసరం లేదు. అయినా అల్లాహ్ మన తలలో అమర్చిన ఈ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడంలో తప్పేముంది? జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే పండితుడు అర్థంలేని అక్షరాల జట్లను బట్టీపట్టి, మరపు వేగాన్ని తన మీదే పరీక్షించుకుని 1885లో ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లోనే జోరుగా సాగుతుందని తేలింది. ఒకరోజు గడిచాక మళ్ళీ నేర్చుకోవాలంటే మొదట పడిన శ్రమలో మూడింట రెండు వంతులు మళ్ళీ పడవలసి వచ్చింది. అంటే పగలు విన్నదాన్ని ఆ రాత్రే నెమరువేసుకునేవాడు మరపు తన పని పూర్తిచేయకముందే దాన్ని అడ్డుకుంటున్నాడన్నమాట.

మెదడు లోపల జరిగేది ఇలా ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఒక సంఘటన చూసినప్పుడు దాని దృశ్యం ఒకచోట, ధ్వని మరొకచోట, వాసన ఇంకొకచోట నమోదవుతాయి. చెవుల పైభాగాన లోపలగా ఉండే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం వీటన్నిటినీ ఒక మూటగా కట్టిపెడుతుంది. ఆ సంఘటనను తిరిగి తలచుకున్నప్పుడు ఆనాడు కదిలిన నాడీకణాల్లో చాలా మటుకు మళ్ళీ కదులుతాయి. కలిసి కదిలిన కణాల మధ్య లంకెలు గట్టిపడతాయి. పొలం గట్టు మీద నడిచేకొద్దీ బాట పడినట్టు. నిద్రకూ ఇందులో వాటా ఉంది. పగలు ఎలుక తిరుగుతున్నప్పుడు జతగా పనిచేసిన హిప్పోకాంపస్ కణాలు, ఆ తర్వాత నిద్రలో మళ్ళీ జతగా పనిచేయడం విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు.

మరో ముఖ్యమైన విషయం. నెమరువేయడమంటే మళ్ళీ మళ్ళీ చదవడం కాదు, చూడకుండా మనసులోంచి పైకి తీయడం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని పదేపదే చదివించారు. మరికొందరి చేత చదివిన పాఠాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్ళదే పైచేయి. వారం గడిచాక మాత్రం గుర్తుచేసుకున్నవాళ్ళే ఎక్కువ చెప్పగలిగారు. మన హిఫ్జ్ మదర్సాల్లో పిల్లవాడు పాత పాఠాన్ని ఉస్తాద్‌కు ముస్‌హఫ్ మూసి వినిపించే పద్ధతి ఇదే. ప్రతి రమజాన్‌లోనూ దైవప్రవక్త (స) జిబ్రీల్ (అలై)తో కలిసి ఖుర్ఆన్‌ను మననం చేసేవారనీ, చివరి సంవత్సరం అది రెండుసార్లు జరిగిందనీ మనకు తెలుసు.

అయితే ఇక్కడొక ప్రమాదం కూడా ఉంది. తలచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం బలపడుతుంది, నిజమే. తప్పుగా తలచుకుంటే ఆ తప్పు కూడా అంతే బలపడుతుంది! ఇంగ్లండ్‌లో బార్ట్‌లెట్ అనే ఆచార్యుడు 1932లో తన గ్రంథంలో చూపించింది ఇదే. ఒక కథను కొందరు మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుని చెబుతున్నకొద్దీ, తమకు తెలియకుండానే తమకు అలవాటైన రూపంలోకి మార్చేశారు. తలచుకున్న జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, మార్పుకు లోనయ్యే స్థితిలో ఉంటుందని 2000లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు కూడా సూచించాయి. కాబట్టి గదిలో ఒంటరిగా నెమరువేసుకోవడం ఒక్కటే సరిపోదు. సరిచూసేవారు ఉండాలి.

హజ్రత్ అబూ హురైరా (రజి) జీవితంలో ఆ రెండోదీ కావలసినంత ఉంది. రాత్రి తాను నెమరువేసుకున్నదాన్ని పగలు ఆయన మదీనా నడిబొడ్డున, అవే సంఘటనలు చూసినవారి మధ్య చెప్పేవారు. జుమా రోజు ఇమామ్ రాకముందు మింబర్ పక్కన నిలబడి హదీసులు వినిపించేవారు. తప్పు చెబితే పట్టుకునేవారు ఎదురుగానే ఉన్నారు. పట్టుకున్నారు కూడా. ఒకసారి ఆయన హజ్రత్ ఆయిషా (రజి) గది పక్కన కూర్చుని హదీసులు వినిపించి వెళ్ళిపోయారు. ఆమె నఫిల్ నమాజులో ఉండి మాట్లాడలేకపోయారు. తర్వాత, దైవప్రవక్త (స) ఇలా గబగబా చెప్పుకుపోయేవారు కాదని ఆమె అభ్యంతరం చెప్పారు. ఆయన (స) మాట నిదానంగా ఉండేది, అర్థమయ్యేందుకు మూడుసార్లు చెప్పేవారు. ఆమె అభ్యంతరం చెప్పిన తీరు మీదే, విషయం మీద కాదు.

జనాజా సంగతి ఇంకా ఆసక్తికరం. జనాజా నమాజు చేసినవారికి ఒక ఖీరాత్ పుణ్యం, ఖననం దాకా వెంట ఉన్నవారికి రెండు అనీ, ఒక్కో ఖీరాత్ ఉహద్ కొండంత అనీ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు ఇది ఎక్కువగా తోచింది. వెంటనే ఒక మనిషిని హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు పంపి, జవాబు వచ్చేదాకా మస్జిద్‌లోని గులకరాళ్ళను చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. అబూ హురైరా (రజి) చెప్పింది నిజమేనని ఆమె కబురు పంపారు. ఇబ్నె ఉమర్ (రజి) చేతిలోని రాళ్ళను నేలకేసి కొట్టి, తాము ఎన్నో ఖీరాత్‌లు పోగొట్టుకున్నామని బాధపడ్డారు. అనుమానించిన మనిషి మీద కాదు, తాను జారవిడుచుకున్న పుణ్యం మీద ఆయన బాధ!

మదీనా గవర్నర్ మర్వాన్ పెట్టిన పరీక్ష మరో రకం. అబూ హురైరా (రజి)ను పిలిపించి హదీసులు అడుగుతూ, వెనక కనబడకుండా తన లేఖకుణ్ణి కూర్చోబెట్టి అన్నీ రాయించాడు. ఏడాది తర్వాత మళ్ళీ పిలిపించి అవే అడిగాడు. లేఖకుడు కాగితం పట్టుకుని పోల్చి చూశాడు. ఒకటి పెరగలేదు, ఒకటి తగ్గలేదు, వరుస కూడా మారలేదు. లేఖకుడే ఈ విషయం చెప్పగా ఇమామ్ హాకిమ్ (రహ్మ) నమోదు చేశారు.

ఇంత చెప్పి ఒక సంగతి దాచడం న్యాయం కాదు. అంటురోగం దానంతటదే అంటదన్న హదీసును ఆయన మొదట్లో చెప్పేవారు. తర్వాత దాన్ని మానేసి, జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్నవాటి దగ్గరికి తేవద్దన్న హదీసు మాత్రమే చెప్పసాగారు. శిష్యులు మొదటిదాన్ని గుర్తుచేస్తే ఒప్పుకోలేదు. ఆయన మరచిపోయారా, లేక మరో కారణం ఉందా అన్న విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది. ఆయన శిష్యుడు అబూ సలమా (రహ్మ) మాత్రం ఆయన మరచిపోవడం తాను చూసింది ఈ ఒక్క హదీసేనన్నారు. శిష్యుడు ఈ మాట చెప్పడం, ఇమామ్ బుఖారీ (రహ్మ) దాన్ని తీసేయకుండా తన గ్రంథంలో ఉంచడం చూడండి. ఈ ఒక్కటీ దాచనివారు మిగతా వేల విషయంలో మనల్ని మోసం చేస్తారా?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఆయన బహ్రెయిన్ గవర్నర్‌గా పనిచేశారు. లెక్కలు అడిగినప్పుడు అప్పగించి వచ్చేశారు. మళ్ళీ రమ్మంటే వెళ్ళలేదు. ఆయన మనసు పదవిలో కన్నా పాఠంలోనే ఉండేది. సుమారు ఎనిమిది వందల మంది ఆయన నుంచి విద్య పొందారని ఇమామ్ బుఖారీ (రహ్మ) అంటారు. అందులో బషీర్ బిన్ నహీక్ (రహ్మ) తాను విన్నవన్నీ రాసుకుని, వెళ్ళేముందు ఆయనకే చదివి వినిపించి సరేననిపించుకున్నారు.

హిజ్రీ 57-59 మధ్య, సుమారు 78 ఏళ్ళ వయసులో ఆయన పరమపదించారు. చివరి జబ్బులో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఈ లోకం మీద మమకారంతో కాదు, ప్రయాణం దూరం, దారిబత్తెం తక్కువ అని. మదీనాలోని జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

ఆయన యమనీ శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ (రహ్మ) గురువు నోట విన్న సుమారు 138 హదీసులను ఒక చిన్న సంపుటిగా రాసుకున్నారు. ఆ సంపుటి ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి మిగిలాయి. వాటిని వెలికితీసి 1953లో డమాస్కస్‌లో అచ్చువేయించింది మన హైదరాబాద్ బిడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మ). 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఎన్నో ఏళ్ళు పారిస్‌లో గడిపి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన ఆ సంపుటిని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ముస్నద్‌తో, బుఖారీ, ముస్లిం గ్రంథాలతో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఇమామ్ అహ్మద్ (రహ్మ) మరణించింది హిజ్రీ 241లో, అంటే అబూ హురైరా (రజి) పోయిన సుమారు నూట ఎనభై ఏళ్ళకు. పదాల్లో అక్కడక్కడా చిన్న తేడాలున్నా భావం ఎక్కడా మారలేదు. ఆ సంపుటి ఉర్దూలోనూ అచ్చయింది.